యేసుదానం తెచ్చిన మట్టి

చాంది నాకు మల్లెమొక్క అమ్మలేదు. డబ్బులు చేతిలో పట్టుకుని నిలబడ్డా అమ్మలేదు.

"నీ వరండ ముంగట వేపచెట్టున్నదన్నవ్ గద సారూ. నీడల మల్లె ఆకులేస్తది గని పూలెయ్యది. ఇంట్ల అమ్మగారు నన్ను తిట్టుకుంటది. గీ ఫెర్న్ తీస్కపో," అంది. నేను చదువుకునే కుర్చీ పక్కన ఆ ఫెర్న్ ఇప్పటికీ ఉంది.

చండ్రుగొండ దాటాక, తండాకు తిరిగే మలుపులో ఉండేది ఆమె నర్సరీ. బోర్డు లేదు. నాలుగు గుంజలు, పైన తాటాకు, కింద నల్ల కవర్లలో మొక్కలు. అంతకుముందు పదిహేనేళ్లు అటవీశాఖ నర్సరీలో కవర్లకు మట్టి నింపే కూలికి పోయింది. ఏ మట్టిలో ఏది బతుకుతుందో అక్కడ వేళ్లతోనే నేర్చుకుంది. సొంతంగా మొక్కలు పెట్టుకున్నాక ఒక పద్ధతి పెట్టింది. కొనేవాళ్లు తమ వాకిట్లోంచి గుప్పెడు మట్టి తేవాలి. ఆమె దాన్ని తడిపి అరచేతుల మధ్య చుట్టేది. తీగలా సాగితే నల్లరేగడి, పొడిపొడిగా విడిపోతే ఇసుక నేల. ఆ తర్వాత ప్రశ్నలు. ఎండ పొద్దున పడుతుందా, మధ్యాహ్నమా? స్నానాల నీళ్లు ఎటు పోతాయి? ఇంట్లో మేకలున్నాయా? పిల్లను చూడవచ్చినవాళ్లు కూడా అన్ని అడగరు.

2005 వానాకాలంలో యేసుదానం ఆమె దగ్గరికి వెళ్లాడు. కొత్తగూడెంలో మా ఇంటి ఎదురుగా ఉన్న చర్చికి అతను వాచ్‌మన్. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి రిటైరైన మనిషి. చర్చి వాకిలి బోడిగా ఉండేది. అంతకుముందు ఏడాది అతను పెట్టిన గులాబీలన్నీ ఎండిపోయాయి. ఈసారి కూడా మొక్కలు నిలవకపోతే క్రిస్మస్‌కల్లా వాకిలంతా బండలు పరిపిస్తానని సంఘపెద్ద క్రిస్టోఫర్ తేల్చి చెప్పేశాడు.

"ముప్పై ఏండ్లు పైన రాయి, కింద రాయి, సారూ. ఇప్పుడు గీ జాగల సుత రాయేనా?" అన్నాడు యేసుదానం నాతో.

చాంది సంగతి అతనికి చెప్పింది నేనే. హార్లిక్స్ సీసాలో మట్టి పట్టుకుని పోయాడు. మెత్తటి నల్ల మట్టి. చాంది చూసి మురిసిపోయిందట. "గిసుంటి మట్టికి ఏదన్న పెట్టుకో అన్నా" అని గులాబీలు, చామంతులు, కనకాంబరాలు కలిపి ఇరవై మొక్కలిచ్చింది. నెల తిరక్కముందే అన్నీ పసుపుబారి, తలలు వాల్చేశాయి.

ఎండిన గులాబీ మొక్కనొకదాన్ని సంచిలో పెట్టుకుని యేసుదానం మళ్లీ బస్సెక్కాడు. తిరిగొచ్చేటప్పుడు పక్కసీట్లో చాంది ఉంది. నర్సరీ మూసి, కొన్నవాళ్ల చోటికి ఆమె రావడం అదే మొదలు.

వాళ్లు వచ్చేసరికి నేను గేటు దగ్గరే ఉన్నాను. చాంది లోపల అడుగుపెట్టి వంగింది. ఎర్రటి మొరం. గోరు కూడా దిగలేదు.

"గిదేంది? నువ్వు తెచ్చిన మట్టేది?"

యేసుదానం గేటు వైపు చూశాడు. "పాస్టరు అయ్యగారింటి పూలతొట్టిలది."

"తొట్టిలదా!"

"మరి గీ రాళ్లు తెచ్చి నీ చేతుల పెట్టాల్నా? దేవుని మందిరం మట్టి గిట్లుంటదని చెప్పనీకి నాకే సిగ్గయింది."

చాంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "దవాఖానాకు పోయి పక్కింటోని చెయ్యి చూపిస్తవా నువ్వు?"

"నీకు తెల్వకపాయె గద!" అతనూ తగులుకున్నాడు. "మట్టి పట్టంగనే అంత చెప్తదన్నరు. తొట్టిలదని చెప్పకపోతివి."

ఆమె నవ్వు ఆగిపోయింది. "అవ్. గది నా తప్పే. బొగ్గుబాయి ఊర్ల గంత మంచి మట్టి ఎక్కడిదని అడగాల్సి ఉండె."

సాయంత్రం బస్సు దాకా ఆమె అక్కడే ఉంది. గోడ నీడ ఎంత దూరం జరుగుతోందో మూడుసార్లు పుల్లతో గీత గీసింది. పడమటి గోడకు మధ్యాహ్నపు ఎండ కాబట్టి కాగితంపూలు, గన్నేరు. దారి అంచున బిళ్లగన్నేరు. ఎండ పడని ఉత్తరపు వైపు ఫెర్న్‌లు. కుళాయి నీళ్లు నిలిచే మూలకు మెట్టతామర.

"గులాబీ లేదా?" అన్నాడు యేసుదానం. "ఆదివారం ప్రార్థన బల్ల మీదికి ఒక్క పువ్వన్న ఉండాలె."

"తూర్పు కిటికీ కింద ఒక్కటి పెట్టు. మోకాలి లోతు గుంత తీసి, మొరం పారేసి, చెరువు మట్టి, పెంట ఎరువు నింపు. ఒక్క గుంతయితే మట్టి మార్చొచ్చు. వాకిలంత మార్చాల్నంటే నువ్వు మల్ల బాయిల దిగాలె."

క్రిస్టోఫర్‌కు ఇదేమీ నచ్చలేదు. "కాగితంపూలా? వాసన లేదు, పైనుంచి ముండ్లు. గులాబీ తోట అంటివి గద!"

"ఈ మట్టిల బతికేటియి పెట్టినం సారూ," అన్నాడు యేసుదానం.

"సరే, డిసెంబరు దాక చూస్త. తర్వాత నన్ననొద్దు."

కాగితంపూలు వేళ్లూనుకున్నాక నీళ్లు తగ్గించమని చాంది చెప్పిపోయింది. రెండుసార్లు ఎండిపోయిన వాకిలిని చూసిన మనిషికి నీళ్లు పోయకుండా ఉండడం ఎంత కష్టమో మా కిటికీలోంచి చూశాను. బకెట్ నింపుకుని వచ్చేవాడు, తీగ దగ్గర కాసేపు నిలబడేవాడు, తీసుకెళ్లి మెట్టతామరలకు పోసేవాడు. ఆ మూల మాత్రం మనిషెత్తు పెరిగింది.

డిసెంబరు మొదటివారంలో క్రిస్టోఫర్ మేస్త్రీని, టేపును వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికి పడమటి గోడ కనబడడం లేదు. అంతా రాణిరంగు పూత. దారికి రెండు పక్కలా బిళ్లగన్నేరు తెల్లగా పరుచుకుని ఉంది. తూర్పు కిటికీ కింద గులాబీ చిన్నదే, రెండు మొగ్గలు మాత్రం వేసింది.

"ఎక్కడ మొదలువెట్టాలె సారూ?" అన్నాడు మేస్త్రీ.

క్రిస్టోఫర్ పడమటి గోడ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. యేసుదానం చీపురు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"గేటు కాడికెల్లి తలుపు దాక," అన్నాడు చివరికి. "మూడడుగుల వెడల్పు. అంతే."

టేపు రెండో కొన యేసుదానమే పట్టుకున్నాడు.

సంక్రాంతి వెళ్లిన వారం, ఫెర్న్‌కు పెద్ద కుండీ కోసం చాంది దగ్గరికి పోయాను. నాకన్నా ముందే అక్కడ క్రిస్టోఫర్ ఉన్నాడు. చేతిలో రుమాలు మూట. చాంది దాన్ని విప్పి చూసింది.

"మీ వాకిట్లదేనా సారూ?"

"మా వాకిట్లదే."

"తొట్టిలది కాదు గద?"

"రాళ్లు సుత ఏరలేదమ్మా."

అప్పుడు ఆమె చెంబులోంచి నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, అరచేతులు కలిపింది.