చిక్కు నూలుతో పరీక్ష

మొన్న మోకాళ్ల నొప్పులకు మందు రాయించుకుందామని బెజవాడలో ఒక ఆసుపత్రికి వెళ్లాను. నా ముందు నంబరు మతి స్థిమితం లేదని పేరుపడ్డ ఒకామెది. ఆమె వెంట వాళ్ల అన్నగారు వచ్చారు. గది తలుపు తెరిచే ఉంది. లోపల డాక్టరు కుర్రవాడు ఆమెకు ఆపరేషను సంగతి చెబుతుంటే అన్నగారు అడ్డం వచ్చి జవాబివ్వబోయారు. "మీరుండండి సార్, నేనడిగింది ఆవిడని" అన్నాడు ఆ కుర్రవాడు. జబ్బున్నంత మాత్రాన తన ఒంటి సంగతి తను తేల్చుకోలేదనుకోకూడదట, ముందు అర్థమయ్యేలా చెప్పి చూడాలట, చట్టం కూడా అదేనట. బయట కూర్చున్నవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంత బుద్ధీ ఇన్నాళ్లూ ఏ అలమరలో దాచారయ్యా అని అడుగుదామనుకున్నాను. ఇంతలో నా నంబరు పిలిచారు.

నా చెల్లెలు నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఇరవయ్యో ఏటి నుంచీ ఆమెకు ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. మచిలీపట్నం దగ్గర మా నేత ఇంటి వసారాలో కూర్చుని, ఆ మాటలతో ఓ పక్క పోట్లాడుతూనే రాట్నం మీద మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. మా పెద్దన్నయ్యకు ఒక అలవాటుండేది. పొద్దున్నే చిక్కుపడ్డ నూలు కట్ట, మేం చిలప అంటాం, ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పడేసేవాడు. చిక్కు తీసి, తెగిన పోగులు అతికితే ఆ రోజు మనిషి బాగున్నట్టు. పేరంటానికి తీసుకెళ్లాలన్నా, ఇంట్లో ఒంటరిగా వదలాలన్నా ఆ చిలపే తేల్చాలి. డాక్టరు చీటీకంటే దాన్నే ఎక్కువ నమ్మాం. బడి మొహం సరిగా చూడకపోయినా, గ్రంథాలయంలో కూర్చుని ఇంగ్లీషు కూడబలుక్కుని నేర్చుకున్న నేనూ నమ్మాను, సిగ్గులేకుండా.

ఎనిమిదేళ్ల క్రితం ఆమెకు నెలసరిలో రక్తం ఆగకుండా పోవడం మొదలైంది. బెజవాడలోనే ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ చెల్లెలి వైపు చూడనైనా చూడకుండా, గర్భసంచి తీసేయిస్తే నెలనెలా మీకు చాకిరీ తప్పుతుందని మాతో చెప్పింది. మాకు చాకిరీ! అప్పుడు చెల్లెలు నెమ్మదిగా అడిగింది: "ముందు మాత్రలు వాడి చూడకూడదాండీ? మూణ్ణెల్లు చూసి, తగ్గకపోతే అప్పుడే తీద్దురుగాని." కుర్చీ మాట్లాడినట్టు చూసింది డాక్టరమ్మ. ఈమెను బయట కూర్చోబెట్టండి అంది. అది నేను అడగవలసిన ప్రశ్న. మందు మింగమంటే మింగినన్నాళ్లూ ఆమెకు తెలివి ఉందో లేదో ఎవరికీ పట్టలేదు. ఆగండి అన్న రోజే ఆమె పిచ్చిదైపోయింది.

వరండాలో పెద్దన్నయ్య సంచిలోంచి చిలప తీశాడు. నిజంగానే, ఆసుపత్రికి నూలు చిలప తెచ్చుకున్నాడు మహానుభావుడు. ఆ నెలలోనే మనసు జబ్బుకిచ్చే మాత్ర మోతాదు పెంచారు. దాంతో ఆమె వేళ్లు ఒకటే వణుకుతున్నాయి. పట్టుకున్న ప్రతి పోగూ తెగింది.

"వణికేది చేతులు పెద్దన్నయ్యా, బుర్ర కాదు" అంది.

"చూశావుగా, ఇవాళ మనిషి బాగాలేదు. నువ్వు సంతకం పెట్టేయ్" అన్నాడు అన్నయ్య నాతో.

ఆపరేషనుకు ఒప్పుకుంటున్నట్టు ఆసుపత్రివాళ్లిచ్చిన ఇంగ్లీషు కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాను. ఒక్కో ముక్కా తెలుగులో అన్నయ్యకు విడమరిచి చెప్పాను, నా పాండిత్యానికి నేనే మురిసిపోతూ. పక్కనే కూర్చున్న చెల్లెలి వైపు తిరగలేదు. సంతకం పెట్టాను.

ఆపరేషను బాగానే జరిగింది. తీసినదాంట్లో చెడ్డ జబ్బేమీ లేదని రిపోర్టు వస్తే ఇంటిల్లిపాదీ సంతోషించాం. లేనప్పుడు తీయించిందెందుకని ఒక్కరికీ తోచలేదు.

నెల తర్వాత కండెలు చుడుతూ చుడుతూ రాట్నం ఆపింది చెల్లెలు.

"ఆ కాగితం నాక్కూడా చదివి చెబితే, నేనే ఒప్పుకునేదాన్నేమో చిన్నన్నయ్యా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఆమె అయిదేళ్లు బతికింది. తప్పయింది తల్లీ అనడానికి ఊపిరి తీసుకున్నంత సేపు చాలు. అయిదేళ్లంటే తక్కువ కాలమేం కాదు. అందులో ఒక్క పూటా నాకు వీలుగా దొరకలేదు.