ఏలీయా గ్లాసు

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మైక్రోస్కోపు కింద కనబడనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. పైగా మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ దేవుడి గురించే ఎంత పోట్లాడుకున్నారంటే, ఇక దయ్యాల వంతు ఎప్పుడూ రాలేదు. అయినా రెండేళ్ళ కింద పస్కా పండుగనాడు జరిగినదాన్ని ఏ సీసాలో పోసి పరీక్ష చేయాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

మా అన్న దేవదానం తొర్రూరులో చిన్న ప్రార్థన మందిరం నడుపుతాడు. ఏసుక్రీస్తు ఒకసారి వచ్చాడు, మళ్ళీ వస్తాడు, అంతకుముందు క్రీస్తు విరోధి వచ్చి లోకాన్ని మోసం చేస్తాడు. అన్న ప్రసంగాలన్నీ దీని చుట్టే తిరుగుతాయి.

తమ్ముడు డేనియల్ కొన్నాళ్ళు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేశాడు. ఆ పక్కన యూదుల పద్ధతి పాటించే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అక్కడి పిల్లనే చేసుకుని వరంగల్‌కు తిరిగొచ్చాడు. శనివారం విశ్రాంతి దినమని ఇంట్లో పొయ్యి ముట్టించడు. దేవుడు పంపుతానన్న రక్షకుడు, మెస్సీయ, అసలు ఇంకా రానేలేదంటాడు.

నాన్న జ్ఞాపకార్థ కూడికనాడు భోజనాల దగ్గర మాటకు మాట పెరిగింది. అప్పుడు అన్న అన్నాడు: "నువ్వు ఎదురుచూసేటోడు మెస్సీయ కాదురా. వాడే క్రీస్తు విరోధి. ముందుగాల వానికి తలుపు తీసేది మీరే." కోపంలో అన్నదైతే తమ్ముడు మరిచిపోయేవాడేమో. నమ్మి అన్నాడు. డేనియల్ కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. తర్వాత మూడేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

ఈలోపు అమ్మకు పక్షవాతం వచ్చింది. వరంగల్ కాశిబుగ్గలో మా ఇంట్లోనే ఉండేది. ఒకప్పుడు వీధిలోని మగ్గాలకు కండెలు చుట్టిన చెయ్యి చచ్చుబడింది, మాట పోయింది. అన్నం నోటి దాకా తీసుకెళ్తే మంచి చేతి వేళ్ళు రెండు చూపించి ముఖం తిప్పుకునేది. ముందు నాకు అర్థం కాలేదు. రెండు చెంచాలు తెచ్చాను, రెండు దిండ్లు పెట్టాను. ఒకరోజు అన్న వచ్చి మంచం పక్కన కూర్చుంటే, అమ్మ ఆయన్ని చూసి, మళ్ళీ తలుపు వైపు చూసి, రెండు వేళ్ళు ఎత్తింది. అప్పుడు తెలిసింది. ఇద్దరు కొడుకులూ ఒక్కచోట కావాలి.

తిండి లేకపోతే మందులు పనిచేయవని డాక్టర్ చెప్పేశాడు. నేను ఇద్దరికీ ఫోన్ చేసి ఏడ్చాను. "వాడు క్రీస్తు దగ్గరికి రానీ, నేను వాని కాడికి వస్త" అన్నాడు అన్న. "సైతానుకు తలుపు తీసేటోన్ని గదక్కా, నాతోటేం పని?" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ ఇద్దరే. మంచంలో ఉన్నది మనిషా, వీళ్ళ పంతమా అనిపించి ఒళ్ళు మండిపోయింది.

యూదుల పస్కా పండుగకు అమ్మను తీసుకురమ్మని డేనియల్ అడిగాడు. అన్నకు చెప్తే ఇంకో గొడవని చెప్పకుండానే తీసుకెళ్ళాను. రైల్వే గేటు అవతల వాళ్ళది అద్దె ఇల్లు. డ్రైనేజీ పైపుల కోసం ఆ సందును ఈ మూల నుంచి ఆ మూలకు తవ్వేశారు. మా ఆటో మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నేనూ తమ్ముడూ చెక్కల మీదుగా మోసుకొచ్చాం. నా చీర మోకాళ్ళ దాకా బురద.

పొద్దుగూకాక చాప మీద పులియని రొట్టెలు, చేదు ఆకులు, ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసం పెట్టారు. ఒక స్టీలు గ్లాసు నిండా రసం పోసి ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టాడు డేనియల్. "ఇది ఏలీయా ప్రవక్తకక్కా. మెస్సీయ కంటె ముందుగాల ఆయనే వస్తడు. ఇండ్లల్ల విడిపోయినోళ్ళను కలుపుతడు" అన్నాడు. నీళ్ళ ట్యాంకరే రాలేని సందులోకి ప్రవక్త ఎలా వస్తాడోనని నాలో నేను నవ్వుకున్నాను. అమ్మ మాత్రం రెండు వేళ్ళు ఎత్తి అలాగే ఉంది.

డేనియల్ లేచి ఏలీయా కోసం తలుపు తీశాడు. గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. అన్న తమ్ముడి ముఖం చూడకుండానే, "ఆటో పెద్దాయనకు దూపైతాందట, జర మంచినీళ్ళు..." అంటూ లోపలికొచ్చి, కంటికి కనబడ్డ గ్లాసు తీసుకుని బయటికి వెళ్ళాడు. అది ఆ గ్లాసే. "అన్నా!" అని మాత్రం అనగలిగాడు తమ్ముడు. మూడేళ్ళ తర్వాత వాడి నోట ఆ పిలుపు వినడం అదే మొదటిసారి.

నేను కూర్చున్న చోటికి అన్న వీపు తప్ప ఏమీ కనబడలేదు. కాసేపటికి ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చాడు. "తాగి పోయిండు" అన్నాడు.

అమ్మ గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఇద్దరూ చెరోపక్క కూర్చుని, రొట్టె రసంలో నానబెట్టి పెట్టారు. తిన్నది. ఎన్నాళ్ళకో తిన్నది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

"ఈ ఇల్లు నీకెట్ల తెలుసన్నా?" అని తర్వాత అడిగాను.

"నువ్వు పంపిన ఆటోనే గదా చెల్లె? అమ్మను చూద్దామని మీ ఇంటికి బయల్దేరిన. బస్టాండ్ల దిగంగనే ఆ ముసలాయన, 'మీ అమ్మ ఈ పూట చిన్నోని ఇంట్ల ఉన్నది, ఎక్కు' అన్నడు. గిక్కడ గుమ్మం ముందటనే దించిండు."

నేను ఏ ఆటోనూ పంపలేదు. తమ్ముడూ పంపలేదు. ఫోన్ లైటు వేసుకుని ముగ్గురం బయటికి వచ్చాం. గుమ్మానికి అడుగు దూరంలో తవ్విన కాలువ, దాని మీద చెక్క. టైరు గుర్తులు లేవు. అన్న చెప్పులకు బురద చుక్క లేదు. "గుమ్మం ముందటనే దిగిన" అన్నాడు అన్న మళ్ళీ, ఈసారి నెమ్మదిగా. అప్పుడు డేనియల్ ఆ గ్లాసు ఎవరిదో చెప్పాడు. అన్న గడప మీద కూలబడ్డాడు.

మేము అమ్మను మోసుకురావడం చూసినవాళ్ళెవరో ఆటో ముసలాయనకు చెప్పి ఉండొచ్చు. అన్న చెక్కల మీదుగా నడిచొచ్చి, ఆ కంగారులో మరిచిపోయి ఉండొచ్చు. మరి చెప్పులు? వందలమంది దిగే బస్టాండులో ఆయన్నే ఎలా గుర్తుపట్టాడు? ఎన్నిసార్లు లెక్క వేసినా ఏదో ఒకటి మిగిలిపోతుంది.

అమ్మ ఆ వానాకాలం దాకా ఉంది. ఇద్దరి చేతులా తిని పోయింది. పెట్టెను ఇద్దరూ మోశారు. సమాధి దగ్గరి నుంచి వస్తూ అన్న నన్ను పక్కకు పిలిచాడు. "క్రీస్తు విరోధి గూడ అద్భుతాలు చేస్తడని నేనే చెప్త గదా. రోజూ అదే ఆలోచన చెల్లె. కని మోసం చేసేటోడు అమ్మకు బువ్వ తినిపిస్తడా?" 

ఇద్దరూ మతాలు మార్చుకోలేదు. ఒకరికి రావలసినవాడు, ఒకరికి మళ్ళీ రావలసినవాడు. అన్న ఇప్పటికీ క్రీస్తు రాకడ గురించే ప్రసంగిస్తాడు. తమ్ముడు ఎదురుచూసేవాడే క్రీస్తు విరోధి అనే మాట మాత్రం మళ్ళీ ఆయన నోట వినలేదు. పస్కా వస్తే తొర్రూరు నుంచి బస్సెక్కి వస్తాడు, గ్లాసులో రసం తానే పోస్తానంటాడు.

ఇప్పుడు ఆ సందులో సిమెంటు రోడ్డు పడింది. ఆటోలు గుమ్మం దాకా వస్తాయి. మొన్న పస్కా రాత్రి తలుపు తీసి కూర్చున్నాం. బయట ఏదో ఆటో వచ్చి ఆగింది. ఇద్దరూ మాట ఆపి ఒకేసారి తలెత్తారు. పక్కింటివాళ్ళు ఎవరో దిగారు. అది తెలిసేసరికే, ఏమీ నమ్మని నేను గ్లాసు చేతిలోకి తీసుకుని నిలబడి ఉన్నాను.