మూత తీయని అన్నం

మా అమ్మ ఉప్పును ముక్కుతో చూసేది. వంట గంజు మీదికి వంగి, ఆవిరి ఒక్కసారి పీల్చి, "ఇంకింత ఎయ్యాలె" అనేది. దేవుడికి పెట్టే పులిహోర ముందుగా ఎవరూ రుచి చూడకూడదు కదా. అందుకని బోనాల నాడు మా గల్లీ ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని మా గడప తొక్కేవాళ్ళు. అమ్మ సరిపోయిందంటే సరిపోయినట్టే.

చలికాలంలో వచ్చిన జ్వరం ఆ ముక్కును తీసుకుపోయింది. జ్వరం తగ్గాక కూడా వాసన తిరిగి రాలేదు, దానితోపాటు నాలుకా మొద్దుబారింది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నయాపూల్ మీదుగా ఆటోలో ఇంటికి రాగానే అమ్మ బాపుతో, నాతో ఒకటే మాట అంది. "గల్లీల ఎవ్వరికీ చెప్పకుండ్రి."

బోనాలు వచ్చాయి. పక్కింటి పెద్దమ్మ ఎప్పటిలాగే పులిహోర తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ వంగింది. మామూలుకన్నా ఎక్కువసేపు వంగే ఉంది. "సరిపోయిందక్కా" అంది.

అందులో ఉప్పే లేదు. ప్రసాదం పంచుతూ పెద్దమ్మ, "మనసు ఏడ పెట్టినవే చెల్లె ఇయ్యాల?" అని నవ్వింది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. మర్నాటి నుంచి ఆమె వంటింట్లో అడుగుపెట్టలేదు.

వంట నా చేతికి వచ్చింది. నేను చేసింది అమ్మ తినేది కాదు. పప్పయినా పచ్చిపులుసయినా తడిసిన కాగితం నమిలినట్టుందనేది. రెండు ముద్దల మజ్జిగన్నం మింగి లేచేది. చేయి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారేవి. పప్పు ఎలా ఉండాలో ఆమెకు తెలుసు. అందుకే పప్పు తిన్న ప్రతి పూటా ఆ రుచి ఆమెకు మళ్ళీ కొత్తగా పోయినట్టుండేది. నాకు అలా అనిపించింది. అయితే ఆమెకు అసలు తెలియని అన్నం వండితే? తెలియని దానిలో ఏం పోయిందో ఎవరు వెతుక్కుంటారు?

కోఠిలో ఫుట్‌పాత్ మీద కొన్న అట్టలేని వంటల పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. వంటకోసం కొనలేదు, దూరపు ఇళ్ళలో ఏం తింటారో చదువుకోవడానికి కొన్నాను. అందులో జంబలాయా ఉంది. అమెరికాలో దక్షిణాన, పెద్ద నది సముద్రంలో కలిసే చోట, క్రియోల్ అనే జనం వండుకునే అన్నం. మాంసం, రొయ్యలు, టమాటాలు, బియ్యం అన్నీ ఒకే గిన్నెలో. బియ్యం పడ్డాక కలపకూడదు, మూత తీయకూడదు.

ఒక ఆదివారం బేగంబజార్ వెళ్ళాను. రొయ్యలమ్మే ఆయన, "ఏం జేస్తవమ్మా, బిర్యానీయా?" అన్నాడు. అవునని తలూపాను. కొత్తవాళ్ళకు ఏదైనా వివరించడం నాకు చేతకాదు. పుస్తకంలో రాసిన పొగబెట్టిన సాసేజీ బదులు, ఇంట్లో ఎండబెట్టుకున్న మాంసం ముక్కలు, ఒట్టి తునకలు తీశాను. వేయిస్తే వాటి వాసన గల్లీ చివరిదాకా పోతుంది. అమ్మ దాకా కూడా పోతుందేమో అనుకున్నాను. అందులో వెయ్యమన్న సెలెరీ ఆకుకూర దొరకలేదు. కొత్తిమీర కాడలు తరిగాను.

తునకలు వేగుతుంటే అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వాసనకు కాదు, చప్పుడుకు.

"ఏందే ఇది? బిర్యానీ గాదు, పులావు గాదు."

"జంబలాయా, అమ్మా."

"పేరుకే నోరు తిరుగుతలేదు, ఇగ తినుడు ఎట్ల?" గంజులోకి చూసింది. "మాంసం, రొయ్యలు ఒక్కతాన కూసోబెట్టినవ్. లొల్లి పెట్టుకోవా?"

ఎన్నాళ్ళకో ఆమె ఎగతాళి విన్నాను. బియ్యం వేసి, మూత మీద రాయి పెట్టాను. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. డాబా మీద బట్టలున్నాయి.

"నువ్వు పో. నేను చూస్త" అంది అమ్మ, పీట లాక్కుని.

నేను కదల్లేదు. ఎందుకో ఆమెకు అర్థమైంది.

"ముక్కు లేకుంటే ఏంది, చెవులున్నయి గద. నీళ్ళు ఇంకంగనే సప్పుడు మారుతది. పో బిడ్డా, తడుస్తయి."

మెట్లెక్కుతూ నాలో నేను నవ్వుకున్నాను. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. బట్టలు తీస్తుండగానే వాన దంచికొట్టింది. మెట్ల గదిలో నిలబడి, కాస్త తగ్గాక దిగుదామనుకున్నాను. మా వంటింటికి పైన రేకులు. వాన పడితే ఆ రేకుల కింద పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. ఆ సంగతి నాకు పెద్దమ్మ కేక వినబడిన తర్వాతే గుర్తొచ్చింది.

"చెల్లే! ఓ చెల్లే! ఏంది గంత మాడుతున్నది?"

నేను దిగేసరికి పెద్దమ్మ తడుస్తూనే వంటింట్లోకి వచ్చేసింది. అమ్మ పీట మీద ముందుకు వంగి, తలను ఒక పక్కకు వంచి, చెవిని గంజు వైపు పెట్టుకుని కూర్చుని ఉంది. మూత అంచున వచ్చే పొగను ఆవిరే అనుకుంది.

"పొయ్యి ముంగటనే కూసున్నవ్, నీకు వాసన రాలేదానే?" అంది పెద్దమ్మ. అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. ఆ ఉప్పులేని పులిహోర ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలిసింది. ఆమె పొయ్యి ఆర్పి, అమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. ఎగతాళి చేసినా బాగుండేది.

ఇక ఎవరూ గిన్నె పట్టుకుని మా గడపలోకి రారు. పెద్దమ్మ చెడ్డది కాదు. కానీ దేవుడి వంటకు ముక్కులేని మనిషిని ఎందుకు అడుగుతారు?

మధ్యాహ్నం బాపు వచ్చాక అమ్మే వడ్డించింది. పైనున్న అన్నం మాకు పెట్టి, అడుగున నల్లగా అంటుకున్నది గరిటెతో గీకి తన కంచంలో వేసుకుంది.

"గది తినకు" అన్నాడు బాపు.

"నాకు అంత ఒక్కటే గద. మంచిది మీరు తినుండ్రి."

పైనదానికీ మాడు వాసన పట్టింది. బాపు తలెత్తకుండా తిన్నాడు. అమ్మ నల్లటి మెతుకులు నిదానంగా నములుతూ నన్ను అడిగింది.

"ఎట్లున్నది? నువ్వు పుస్తకాలు సదువుతవు గద. జెప్పు, వింట."

"మాడిందమ్మా" అన్నాను.

"గది ఎరుకే. మాడకముందు ఎట్లుండెనో జెప్పు."

మూత తీయకూడదు కదా. ఎవరూ రుచి చూడలేదు. మాడకముందు అది ఎట్లుండేదో నాకూ తెలియదు. అమ్మ జవాబు కోసం నా వైపు చూస్తూనే ఉంది.