కంప మధ్య సందు

జ్ఞానరాజు నేల చూస్తూ నడుస్తాడు. పెళ్ళి ఊరేగింపులో అయినా, ఆత్మకూరు బస్టాండులో జనం మధ్య అయినా ఆయన కళ్ళు నేల మీదే ఉంటాయి. కొత్తగా చూసినవాళ్ళు పాపం ఈ మనిషి ఏదో పారేసుకున్నాడనుకుంటారు. బండమీదిపల్లెలో మాత్రం, “జ్ఞానరాజు ఈడ గూడా పులి అడుగులు ఎతుకుతాండాడు” అని నవ్వుకునేవాళ్ళు. ఈమధ్య ఎవరూ నవ్వడం లేదు.

బండమీదిపల్లె నల్లమలకు ఆనుకొని ఉంటుంది. జ్ఞానరాజు తండ్రి రెడ్ల పశువుల్ని అడవిలో మేపి బతికాడు. కొడుకు వెదురు మోశాడు, కొన్నాళ్ళు ఎర్రగుంట్ల పోయి సిమెంటు మూటలెత్తాడు, ఆ దుమ్ము పడక దగ్గుతూ తిరిగొచ్చాడు. అప్పుడే పులుల్ని కాపాడ్డానికి అడవి తెలిసిన మనుషుల్ని కూలికి తీసుకుంటున్నారని తెలిసి చేరిపోయాడు. వాచర్ అంటారు. అడవిలోని క్యాంపులో ఉండాలి, గస్తీ తిరగాలి, ఎండాకాలం జంతువుల కోసం తొట్లలో నీళ్ళు నింపాలి, ఉచ్చులు కనబడితే పీకెయ్యాలి. పర్మినెంటు ఉద్యోగం కాదు. అయినా భార్య రత్నమణి, “మా ఆయనకు రెండిండ్లు, అడవిలో ఒకటి, ఈడొకటి. ఈడికి సుట్టంగా వస్తాడు” అని ఎగతాళి చేసేంతగా ఆ పనిలో మునిగిపోయాడు.

అన్నిట్లోకీ ఆయనకు ఇష్టమైన పని పులుల లెక్క. గొర్రెల్ని లెక్కపెట్టినట్టు దొడ్డి వాకిట్లో నిలబడి చేసే పని కాదది. పులి మన కంట పడదు. అందుకని అది నడిచే దారికి అటొకటి ఇటొకటి చెట్లకు కెమెరాలు కడతారు. ఏదైనా ముందు నుంచి పోతే వాటంతటవే ఫొటో తీస్తాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి, చారల్ని బట్టి ఇది ఫలానా పులి అని గుర్తుపట్టి లెక్కలో వేస్తారు. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ పులి మహారాజు. మనం కట్టిన కెమెరా ముందు నుంచే పోవాలని దానికేం పట్టింది? దాన్ని అటు మళ్ళించడానికి వాచర్లు ముళ్ళకంప కొట్టి, దారికి రెండు వైపులా పేర్చి, మధ్యలో పులి పట్టేంత సందు వదులుతారు. పాదాలు మెత్తన కాబట్టి అది ముళ్ళ జోలికి పోకుండా సందులోంచే పోతుంది. ఈ కంప పేర్చడంలో జ్ఞానరాజుది మంచి చెయ్యి. పంగలకర్రతో ఒక్కో మండా ఎత్తి, మనిషి చెయ్యి పడినట్టు తెలియకుండా అమర్చేవాడు.

ఎంత అమర్చినా ఏళ్ళ తరబడి ఆయన గస్తీ తిరిగే బీటులో కెమెరాకు పులి పడలేదు. పక్క బీటు వాచరు ఓబులేషు ఎదురైతే చాలు, “మీ కాడ కుందేళ్ళకే ఫొటోలు తియ్యప్పా, మనమే చారలు గీసి పంపిద్దాం” అనేవాడు. జ్ఞానరాజు నవ్వి ఊరుకునేవాడు కానీ లోపల మండేది.

చివరికి ఒక ఏడు పడింది. బీటు ఆఫీసరు సాహితి కర్నూలు దగ్గర ఓర్వకల్లు పిల్ల, చదువై నేరుగా ఈ ఉద్యోగానికి వచ్చింది. కెమెరాలోని ఫొటోలు ల్యాప్‌టాపులో ఒక్కొక్కటే తిప్పుతూ ఉన్నట్టుండి ఆగి, “అన్నా, ఇట్ల రా” అంది. ఆడపులి. కంప మధ్య సందులోంచి, తన వాకిట్లో నడుస్తున్నంత నిమ్మళంగా పోతోంది. పక్కటెముకల మీద ఒక చార పంగలకర్రలా చీలి ఉంది. జ్ఞానరాజు వంగి చూసి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సాహితి చూడనట్టే ఉండిపోయింది.

ఆఫీసు వాళ్ళు దానికో నంబరు ఇచ్చారు. జ్ఞానరాజు మాత్రం “ఆయమ్మ” అన్నాడు. అడవిలో దాని పేరు నోట పలకగూడదని ఆయన తండ్రి నేర్పిన మర్యాద. ఆయమ్మ ఈ పొద్దు వాగు కాడికొచ్చింది, ఆయమ్మ దుప్పిని కొట్టింది అని ఇంట్లో చెబుతుంటే, మొదట్లో రత్నమణి ఎవరీ ఆయమ్మ అని నిజంగానే అనుమానపడింది.

లెక్క ముగిశాక కెమెరాలు విప్పేశారు. కంప కూడా తీసేసి, ఎక్కడిదక్కడ చెదరగొట్టాలని సాహితి అందరికీ గట్టిగా చెప్పింది. సందు అలాగే వదిలితే ఉచ్చులు పెట్టేవాళ్ళకు మనమే చోటు చూపించినట్టవుతుందని కూడా చెప్పింది. ఇందులో తెలియనిది ఏమీ లేదు. జ్ఞానరాజు ఎన్నో ఏళ్ళుగా తీస్తున్నవాడే.

ఆ రోజు కూడా తియ్యడానికే పోయాడు. అడవి అంచుకు కూతవేటు దూరంలో ఉన్న చోటది. పంగలకర్ర ఎత్తబోతూ అలవాటు కొద్దీ నేల చూశాడు. దుమ్ములో ఆయమ్మ అడుగులు, పొద్దున పడినవి. వాటి పక్కన, వాటిని తొక్కుతూ, చిన్న అడుగులు. రెండు పిల్లలు. తల్లి వెనక తిన్నగా నడవక, పక్కకు పోయి మళ్ళీ వచ్చి, ఒక చోట దొర్లి ఆడుకున్నట్టు దుమ్మంతా చెదిరి ఉంది. జ్ఞానరాజు చతికిలబడ్డాడు. ఇప్పుడు కంప లాగితే చప్పుడవుతుంది, మనిషి వాసన పడుతుంది, బెదిరి పిల్లల్ని నోట కరచుకొని వేరే చోటుకు పోతుందేమో అనిపించింది. పిల్లలు కాస్త గట్టిపడనీ, తర్వాత తీద్దాంలే అనుకున్నాడు. ప్రేమ మనిషి చేత ఇలాంటి తెలివితక్కువ పనులే చేయిస్తుంది.

సాయంత్రం సాహితి అడిగితే అన్నీ తీసేశానని చెప్పాడు. తర్వాత ఎండలు ముదిరాయి, తొట్లకు నీళ్ళు మొయ్యడమే సరిపోయింది. వానలు పడ్డాక కంప చుట్టూ తీగలల్లుకొని అదీ అడవిలో కలిసిపోయింది. తీద్దాం తీద్దామని అనుకుంటూనే ఉన్నాడు.

ఆ అడవి అంచునే జయపాల్ మొక్కజొన్న వేశాడు. వరసకు జ్ఞానరాజుకు అల్లుడు, ఇద్దరిదీ ఒకే చర్చి సంఘం. కౌలు భూమి, అప్పటికే ఒక పంట పోయింది. కంకి పాలు పట్టే వేళకు అడవిపందులు దిగి, తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ చేసి పోయేవి. అవి యాడి నుంచి దిగుతున్నాయా అని జాడ పట్టుకొని పోయిన జయపాల్‌కు కంప మధ్య సందు కనబడింది. పందులకు చేసిపెట్టిన వాకిలిలా ఉంది. పాత బైకు క్లచ్ వైరు తెచ్చి అక్కడ ఉచ్చు బిగించాడు.

కాకుల గోల విని మొదట పోయింది జ్ఞానరాజే. వైరు ఆయమ్మ నడుముకు బిగుసుకొని ఉంది. చుట్టూ నేలంతా గోళ్ళతో దున్నేసి ఉంది. పక్కన చెట్టు బెరడు మనిషెత్తున చీల్చుకుపోయింది. ఎంతసేపు పెనుగులాడిందో. చీలిన చార మీద ఈగలు ముసిరి ఉంటే ఆయన తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాడు. క్యాంపులో మిగతావాళ్ళు వెతుక్కుంటూ వచ్చేదాకా విసురుతూనే ఉన్నాడు.

పెద్ద సార్లందరూ దిగారు. ఒకాయన కంప చుట్టూ తిరిగి చూసి, ఇది ఎవరో కావాలని పేర్చినదే అన్నాడు. సాహితి కంపను చూసింది, జ్ఞానరాజును చూసింది. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

“అన్నా, ఇది మనం కట్టింది కాదు గదా?”

“కాదు మేడం,” అన్నాడు జ్ఞానరాజు.

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. పని పోతుందన్న భయం ఉంది. దానికంటే, అవునంటే ఆయమ్మను చంపింది తానే అవుతాడు. పక్కనే పడి ఉన్న ఆయమ్మ ముందు ఆ మాట అనలేకపోయాడు.

జయపాల్ ఆ రోజే దొరికాడు. ఉచ్చు తనదేనని దాచకుండా ఒప్పుకున్నాడు. పంది కోసం పెట్టానన్నాడు, కంప మాత్రం తనది కాదని మొత్తుకున్నాడు. ఎవరు నమ్ముతారు? పందికి ఉచ్చు పెట్టేవాడు ఇంత కంప కొట్టి దారి మళ్ళిస్తాడా, ఇది పులి చర్మం కోసం వేసిన పథకమే అని కేసు రాశారు. చర్మం కొనేవాళ్ళెవరో చెప్పమని అడిగారు. లేనివాళ్ళ పేర్లు అతనెక్కడి నుంచి తెస్తాడు? రిమాండుకు పంపారు, బెయిలు రాలేదు.

జ్ఞానరాజు ఇవేవీ వినిపించుకోనట్టు పిల్లల కోసం అడవంతా గాలించాడు. ఒకటి వాగు ఒడ్డున దొరికింది, ఎండిపోయి, ఎముకలు తేలి. రెండోది దొరకలేదు. మొదట్లో ఆయన జయపాల్‌ను మనసారా తిట్టుకున్నాడు, జైల్లో కుళ్ళనీ అనుకున్నాడు. ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ కోపం ఉన్నన్నాళ్ళూ అన్నం సయించింది, నిద్ర పట్టింది.

ఒక ఆదివారం మిషను కాలపు రాతిగుడిలో ప్రార్థన మనవులు చెప్పే వేళ, జయపాల్ భార్య ప్రేమజ్యోతి లేచింది. కొంగు నిండా కప్పుకొని, పాదిరిగారి వైపు కాక నేల వైపు చూస్తూ మాట్లాడింది.

“మా ఆయన తప్పు చేసినాడు. ఉచ్చు పెట్టినాడు. కంప మాత్రం కట్లేదు. కట్టినోళ్ళెవురో దేవునికి తెలుసు. వాళ్ళ మనసు కదిలించమని మీరంతా ప్రార్థన చేయండి.”

సంఘమంతా తల వంచింది. పాదిరిగారు ప్రార్థించారు. చివర అందరితో పాటు జ్ఞానరాజు కూడా ఆమేన్ అన్నాడు.

ఇంటికొచ్చి రత్నమణికి అంతా చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

“చెప్తే నీ పని పోతాది,” అంది. “చెప్పకుంటే నువ్వే పోతావు. కూలికి పోయైనా బతుకుదాం. పో, చెప్పిరా.”

సాహితి అంతా విని కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడింది. ఆమెకు కోపం కంటే బాధే ఎక్కువయింది. అడిగిన రోజు చెప్పి ఉంటే దాంతోనే తీరిపోయేదేమో కానీ, ఇప్పుడు అబద్ధం కూడా కలిసింది. ఆయన మాట మీద తానూ పైవాళ్ళకు కాదని చెప్పేసింది.

“నిన్ను నా కండ్లనుకున్నా అన్నా,” అంది. దానికంటే కొట్టి ఉంటే బాగుండునని జ్ఞానరాజు తర్వాత రత్నమణితో చెప్పుకున్నాడు.

వాంగ్మూలం తీసుకున్నారు. ఆ వారంలోనే పనిలోంచి తీసేశారు, అడవిలో అడుగు పెట్టొద్దని కట్టడి చేశారు. సాహితికీ మెమో వచ్చింది. జయపాల్ మీద పులి చర్మం కోసం పన్నిన పథకమన్న మాట నిలవలేదు. పంది ఉచ్చు కేసు ఉండిపోయింది, బెయిలు దొరికింది. జ్ఞానరాజు ఇప్పుడు మిరప చేలల్లో కూలికి పోతున్నాడు. సాళ్ళ మధ్య వంగి నడుస్తుంటే అప్పుడప్పుడు ఆగిపోయి, కుక్క అడుగో నక్క అడుగో చూస్తూ నిలబడతాడు. మేస్త్రీ కేకేస్తే మళ్ళీ కదులుతాడు.

జయపాల్ ఇంటికొచ్చాక ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాడు. ఆపద గడిస్తే నలుగుర్నీ పిలిచి పాటలు పాడి, ప్రార్థన చేసి భోజనం పెట్టడం వాళ్ళ రివాజు. జ్ఞానరాజు రానన్నాడు. ప్రేమజ్యోతి వచ్చి, నువ్వు రాకుంటే పాట ఎత్తేది లేదంది. పోక తప్పలేదు. వాకిట్లో పట్టాలు పరిచారు. జయపాల్ అందరి ముందూ వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

“మామా, నువ్వు లేకుంటే నేను ఆడనే సచ్చిపోతాంటి. నీ రుణం ఎట్ల తీర్చుకునేది.”

జ్ఞానరాజు చేతులు వెనక్కి లాక్కున్నాడు. “నాకు దండం పెట్టగాకు జయపాలూ. మనిద్దరం కలిసి సంపినాం దాన్ని.”

పాదిరిగారు ఇబ్బందిగా సర్దుకొని, జ్ఞానరాజు కూడా దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబితే బాగుంటుందన్నారు. ఆయన లేచి నిలబడ్డాడు.

“ఆయమ్మకు ఇద్దరు బిడ్డలు,” అన్నాడు. “ఒకటి దొరికింది. ఇంకోటి యాడుండాదో తెలీదు. ఇంగా యాట నేర్సుకోలేదు అది. దాని కోసరం గూడా ఒక మాట ప్రార్థన చేయండయ్యా.”

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, వానల కోసం ప్రార్థించారు కానీ పులి పిల్ల కోసం ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ మోకరించలేదు. పాదిరిగారు మంచి మనిషే, కళ్ళు మూసుకున్నారు గానీ ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయారు. ముందుగా మోకాళ్ళ మీద కూర్చున్నది జయపాల్. జ్ఞానరాజు నిలబడే ఉన్నాడు. వాకిట్లోంచి చూస్తే పొలాలకు అవతల అడవి కనబడుతూనే ఉంది, నడిచిపోయేంత దగ్గర్లో. అక్కడికి పోయి వెతకడానికి మాత్రం ఆయనకిప్పుడు అనుమతి లేదు.