మిరప కళ్లంలో కాలు మార్చిన గుర్రం

మా మావయ్య సైన్యంలో గుర్రాల దళం నుంచి రిటైరయ్యాక, రేసులు మానేసిన ఒక ఆడగుర్రాన్ని తెచ్చి నల్లపాడు దగ్గర తన పొలంలో పెట్టుకున్నాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయనకు స్వారీ కుదరలేదు. గుంటూరు కాలేజీలో పాఠాలు చెప్పుకునే నా మీద పడింది ఆ పని. చిన్నప్పుడు నాకు స్వారీ నేర్పింది ఆయనే.

గుర్రాన్ని ‘అది’ అంటే ఊరుకునేవాడు కాదు. ‘ఆవిడ’ అనాలి.

పత్తి చేలో నేల నెర్రెలిచ్చి ఉండేది. అందుకే మిరపకాయలు ఆరబోసే కళ్లంలో, కాయ ఇంకా రాకముందే ఆవిడకి నేర్పడం మొదలుపెట్టాం. మావయ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మొదట పక్కకు జరిగే నడక. నేను కుడి మడమ ఆవిడ డొక్కకి ఆనిస్తే, ఆవిడ ముందుకు పోతూనే కాలు మీదుగా కాలు దాటిస్తూ ఎడమకు జరగాలి. నేను గట్టిగా నొక్కితే ఆవిడ బెదిరి ముందుకు ఉరికేది.

“పొడవమాకమ్మాయ్, అడిగి చూడు,” అనేవాడు మావయ్య.

మడమ వదులు చేశాక మెల్లగా జరగడం మొదలుపెట్టింది.

కాలు మార్చడం దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. రేసుల్లో ఒకే వైపు తిరిగిన అలవాటుకి, ఆవిడ ఎప్పుడూ కుడికాలు ముందేసే దౌడు తీసేది. ఎడమకు తిరిగేటప్పుడు ఎడమకాలు ముందుకు రావాలి, అదీ దౌడు ఆపకుండా, నాలుగు కాళ్లూ గాల్లో ఉన్నప్పుడే. ఆవిడ ముందుకాళ్లు మార్చి వెనకకాళ్లు మరిచిపోయేది. ఒళ్లంతా మెలిపడేది.

ఈ వయసులో ఆవిడకి ఎందుకీ బాధ అని ఒకరోజు అడిగేశాను.

“ఒకవైపే పరిగెత్తితే నడుం పట్టేసుద్ది. హాయిగా ఉండాలనే గదా,” అన్నాడు.

ఇంతలో కోతలొచ్చి సగం కళ్లం ఎర్రబడింది. ఇక మానేద్దామనుకున్నాను. మావయ్య ఒప్పుకోలేదు. మిగిలిన చోటులోనే పక్క నడకతో ఆవిడ ఒళ్లు వదులు చేసి, దౌడు ఎత్తించి, కుడి మలుపు నుంచి ఎడమకు తిప్పుతూ మడమ తాకీ తాకనట్టు ఆనించాను. నా కింద ఊపు ఒక్కసారిగా పక్క మారింది. అంత మెత్తగా మారేసరికి నాకే నమ్మకం కలగలేదు.

“మారిందా మావయ్యా?”

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. “వెనకకాళ్లతో సహా.”

ఇంకోసారి చేయిస్తానన్నాను.

“చాలు. దిగు. ఆవిడకి ఇదే గుర్తుండాలి.”

కుంటుకుంటూ వచ్చి ఆవిడ మెడకు నుదురు ఆనించాడు. కాయలు ఆరబోస్తున్న ఆడవాళ్లు పని ఆపి నవ్వుతూ చూశారు. మిరప ఘాటుకి ఆవిడ ఆయన చొక్కా నిండా తుమ్మింది.

ఆ తర్వాత కొన్ని రోజులు మార్చేది, కొన్ని రోజులు మొండికేసేది. మార్చని రోజున తిట్లు నాకే.