మేడం ఇచ్చిన నమూనా

జగ్గయ్యపేట నుంచి మా జువాలజీ మేడం చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క తెల్లారకట్ల వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. మెదడులో గడ్డ. అలాంటి గడ్డల మీదే నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నా. బయల్దేరుతున్నానని చెప్పా.

నందిగామ కాలేజీలో ఆవిడ మాకు పాఠం చెప్పేవారు. రోజూ పేట నుంచి బస్సులో వచ్చి, చీర మీద హైవే దుమ్ము దులుపుకుంటూనే బోర్డు దగ్గరికెళ్ళేవారు. సుద్దముక్క పూర్తిగా అరిగి గోరు బోర్డుకి గీసుకునేదాకా పారేసేవారు కాదు.

ప్రొటీన్ తయారీకి పనికిరాని ఆర్ఎన్ఏ కూడా కణంలో ఉంటుందని ఒకరోజు చెప్పారు. అయితే అది దండగేనా అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

"మనకి తెలీదు అనండి. దండగ అనకండి" అన్నారు.

ఆ మాటే నన్ను ఇటు లాక్కొచ్చింది. ఆ ఆర్ఎన్ఏల్లో కొన్ని, కణాన్ని అదుపులో ఉంచే జన్యువుల్ని పనిచేయనివ్వవు. అప్పుడు గడ్డ పెరుగుతుంది. ఇంకొన్ని ఆ పెరుగుదలకే అడ్డుపడతాయి. మేం వెతికేది వాటినే.

పోయినేడు మేడంకి మాటలు తారుమారవడం మొదలైంది. చెంచాని తాళం అనేవారట. స్కాన్ తీయించాక నన్ను రమ్మన్నారు. నా చదువు తనకేమైనా పనికొస్తుందా అని అడిగారు. అది ఇంకా మందు దాకా రాలేదని చెప్పకుండా, స్కాన్ రిపోర్టు మళ్ళీ మొదట్నుంచి చదవడం మొదలెట్టా. ఆవిడే అర్థం చేసుకున్నారు.

"పోన్లే. నాది మీకు పనికొస్తుందేమో చూడు."

మా ల్యాబుకి నమూనాలు పంపే ఆసుపత్రిలోనే ఆపరేషన్ అయింది. తీసిన గడ్డలో కొంత పరిశోధనకివ్వమని తనే సంతకం చేశారు. చెల్లెలు వద్దని ఏడిస్తే, "ఇంట్లో దాచుకుని ఏం చేస్తావే" అన్నారట.

మళ్ళీ వెళ్ళేసరికి మాట దాదాపు పడిపోయింది. నా పేరు కోసం చాలాసేపు తడుముకున్నారు. నేను అందించలేదు. అడిగితే చెబుదామని చూశా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయారు.

అంత్యక్రియలయ్యాక తిరిగొచ్చి ఇవాళ ల్యాబులో ఫ్రీజర్ తెరిచా. నమూనాల మీద మాకు పేర్లు కనిపించవు, నంబర్లే ఉంటాయి. మంచుపొగ చేతుల మీదికి దిగింది. తలుపు వెయ్యమని ఫ్రీజర్ కూత పెడుతూనే ఉంది. వరసలు వరసలుగా ఉన్న ఆ చిన్న ట్యూబుల్లో ఏది మేడందో తెలీక, అన్నిటినీ చూస్తూ నిలబడ్డా.