ఆగ్నేయంలో పెట్టె

పెదనాన్న ఇక లేరన్న కబురు మా ఇంట్లో మొదట నా చెవినే పడింది. కొట్టు నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. "అమ్మా, అయ్యగారు రాగితీగ చుట్టని కాటా మీదకి ఎత్తబోయి అట్టాగే కూలబడిపోయారండి. డాక్టరుగారొచ్చి చూసి, లేరన్నారండి" అన్నాడు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. అక్కడ మా సుశీలత్త, అంటే పెదనాన్న చెల్లెలు, గ్యాసు పొయ్యి పక్కన నేల మీద పీట వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ల్యాప్‌టాప్ మీద టైపు చేస్తోంది. నన్ను చూసి ఒక చెవి ఖాళీ చేసుకుంది. "ఆగవే, ఈ ఫైలు వెళ్లిపోనీ. కదిలితే సిగ్నల్ పోద్ది" అంది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పాకి చివరికి చేరేదాకా గడప మీద నిలబడ్డాను. అంతసేపూ మా అత్తకు అన్నయ్య బతికే ఉన్నాడు. గీత చివరికి చేరాక చెప్పాను.

ఆయన గురించి రాయమన్నది పెద్దమ్మ. చుట్టాలకూ తోటి వర్తకులకూ పంచే చిన్న పుస్తకంలో వేయిస్తారట. "నువ్వు డైరీలో ఏదో ఒకటి రాసుకుంటానే ఉంటావుగా. ఉన్నదున్నట్టు రాయి. ఆయన్నెరిగినవాళ్లకి అబద్ధాలు చూపిస్తే నవ్విపోతారు" అంది. అందుకే ఉన్నదే రాస్తున్నాను.

బెజవాడ వన్‌టౌన్‌లో కరెంటు సామాను కొనేవాళ్లలో రామలింగారావు గారి కొట్టు తెలియనివారు లేరు. వైర్ల చుట్టలు నేల నుంచి దూలం దాకా పేర్చి ఉండేవి. వాటి మధ్య చెక్క కుర్చీలో, తెల్ల పంచెలో, ఆయన కూర్చునేవారు. చుట్టను చేత్తో ఎత్తి చూస్తే చాలు, లోపల రాగి ఎంతో చెప్పేసేవారు. కాటా పెట్టి చూస్తే ఆయన మాటే నిలిచేది. మనుషులను కూడా అలాగే ఒకసారి చూసి తూకం చెప్పేసేవారు. అక్కడ మాత్రం కాటా ఉండేది కాదు, అప్పీలూ ఉండేది కాదు. ఒక కాంట్రాక్టరు వైరు నాణ్యత గురించి నసిగితే, "తమరి మాటలాంటిది కాదండీ ఇది, లాగితే తెగదు" అన్నారు. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. ఆ కాంట్రాక్టరూ నవ్వాడు. మళ్లీ మా కొట్టుకు రాలేదు.

నేను ఉయ్యూరు దగ్గర మా ఊరి నుంచి డిగ్రీ చదువుకోవడానికి ఆయన ఇంటికి వచ్చాను. మా నాన్న ఆయన తమ్ముడు, చెరకు రైతు. మొదటిరోజు భోజనాల దగ్గర పెదనాన్న నన్ను ఏదో అడిగారు. నేను తలొంచుకున్నాను. "ఏమ్మా, మాట నోట్లోనే ఉందా, ముద్దతో పాటు మింగేశావా?" అన్నారు. ఆనాటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా, "ఇదిగో, మా మూగ సరస్వతి" అని పరిచయం చేసేవారు. వాళ్లు నవ్వేవారు. నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చేదాన్ని.

కానీ ఆయన నాలుకకు రోజూ దొరికేది మా అత్తే. అత్త భర్త పోయిన రోజున, శవం ఇంకా ఇంట్లో ఉండగానే, "నా చెల్లెలు నా ఇంటికొస్తది, ఎవరూ మాట్లాడొద్దు" అని ఆయన అందరిముందూ చెప్పారట. చెప్పినట్టే తెచ్చుకున్నారు. చీరకూ తిండికీ మందులకూ ఏనాడూ తక్కువ చేయలేదు. పెట్టిన ప్రతి ముద్దనూ గుర్తు చేశారు, అంతే. "నీ మొగుడు పోతాపోతా నిన్ను నా పేరున రాసిచ్చిపోయాడే" అనేవారు. పెరుగు వడ్డించబోతే, "చాల్లే, ఆ చెయ్యి పడితే తోడుకున్నది కూడా విరిగిపోద్ది" అనేవారు. అత్త గరిటె పెద్దమ్మకు ఇచ్చి పక్కకు తప్పుకునేది.

ఆయనకు వాస్తు పిచ్చి. పిచ్చి అనే రాస్తున్నాను, ఎందుకంటే గుమ్మం ఒకటి నచ్చక కట్టిన గోడ కూలగొట్టించిన మనిషి. మేడ మీద వాయవ్యం గది అత్తకు ఇచ్చారు. వాయవ్యంలో పెట్టినవాళ్లు ఎక్కువకాలం నిలవరనీ, తొందరగా తమ దారి చూసుకుంటారనీ శాస్త్రంలో ఉందని ఆమెకు వినపడేటట్టే అన్నారు. శాస్త్రం ఎప్పుడు ఫలిస్తుందా అని అత్త కూడా ఎదురుచూసిందేమో నాకు తెలియదు.

ఫలించే రోజు వచ్చినట్టే వచ్చింది. అత్త ఇంగ్లీషులో దిట్ట. అమెరికా డాక్టర్లు మాటల్లో చెప్పి రికార్డు చేసిన రిపోర్టులను విని టైపు చేసిపెట్టే ఆఫీసు ఒకటి బందరు రోడ్డులో ఉంటే, ఇంటి నుంచి చేసే పని అడిగి తెచ్చుకుంది. వాళ్లు పాత ల్యాప్‌టాప్ ఒకటిచ్చి, కొన్నాళ్లు చూస్తామన్నారు. ఫైళ్లు వేళకు పంపితే ఉద్యోగం ఖాయం. అది ఖాయమైతే సత్యనారాయణపురంలో ఒక గది చూసుకుంటానని అత్త నాతో మాత్రమే చెప్పింది. "నా పొయ్యి, నా గిన్నె. మాడితే నేనే తింటా" అంది.

ఇంటర్నెట్ కింద హాల్లో పెదనాన్న కంప్యూటరుకు ఉంది. అత్త గది దాకా వైరు లాగిస్తే సరిపోయేది. వైర్ల వర్తకుడి ఇంట్లో వైరుకు కొదవేమిటి? "నా గోడలకి కొత్తగా బెజ్జాలు కొట్టనియ్యను" అన్నారు ఆయన. ఆ వారమే పోటీ వర్తకుడొకడు తన ఇంట్లో వైరు లేని నెట్టు పెట్టించాడని తెలిసింది. మర్నాడే పెదనాన్న అత్తనూ నన్నూ ఆటో ఎక్కించుకుని కంప్యూటర్ల షాపుకు బయల్దేరారు. "వైరు లేకుండా మనింటికొచ్చేవి రెండే అనుకున్నా, దెయ్యమూ, మా సుశీలా. ఇది మూడోది" అన్నారు దారిలో. ఆటోవాడు కూడా నవ్వాడు.

షాపులో కౌంటరు మీద, నెట్టును గాల్లోకి వదిలే పెట్టెలు, యాక్సెస్ పాయింట్లట, మూడు పెట్టారు. సేల్స్‌మన్ మర్యాదగా అడిగాడు. "ఇల్లు ఎన్ని అంతస్తులండీ? గోడలు ఇటుకా, కాంక్రీటా సార్? నెట్టు ఏ గదిలో వాడతారండీ?"

"నువ్వు పెట్టె అమ్మటానికొచ్చావా, నా ఇల్లు కొంటానికొచ్చావా?"

"కాదు సార్, గోడల్ని బట్టి..."

పెదనాన్న అప్పటికే పెట్టెలు ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూస్తున్నారు. "ఇది ఊదితే ఎగిరిపోద్ది. ఇది అప్పడం. ఇదిగో, ఇందులో సరుకుంది" అని అన్నిటికన్నా బరువైనది, ఇనప తొడుగుది, పక్కన పెట్టేశారు.

"బరువుకీ సిగ్నల్‌కీ సంబంధం లేదండీ" అన్నాడు సేల్స్‌మన్.

"నేను అమ్మిన రాగి నీ షాపు కన్నా బరువుంటదయ్యా. నాకు చెప్పబాక."

సేల్స్‌మన్ బిల్లు రాస్తూ చివరికి ఒక్క మాట అన్నాడు. "ఇంటికి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టండి సార్. ఇనప సామానూ నీళ్లూ దగ్గర్లో లేకుండా చూసుకోండి." అత్త ఆ మాట నా చెవిలో మళ్లీ చెప్పింది, నేను మరిచిపోతానేమోనన్నట్టు.

పెదనాన్న దాన్ని ఆగ్నేయంలో పెట్టించారు. కరెంటు అంటే అగ్ని, అగ్నికి చోటు ఆగ్నేయం. మా ఇంట్లో ఆగ్నేయం అంటే వంటిల్లు. ఫ్రిజ్‌కీ బియ్యం డ్రమ్ముకీ మధ్య, స్టీలు గిన్నెల అర కింద, ఆ పెట్టె కూర్చుంది. హాల్లోంచి అక్కడికి వైరు తేవడానికి, బెజ్జాలు కొట్టనివ్వనన్న గోడకే దగ్గరుండి బెజ్జం కొట్టించారు. నా జీవితంలో ఆయనకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. "పెదనాన్నా, వైరు లేనిది గాల్లో కదండీ వచ్చేది. గాలికి వాయవ్యం కదా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "ఓహో, సరస్వతి పలికింది. గాలికి వాయవ్యమేనమ్మా. అందుకే ఆ గదిలో గాలి తప్ప ఇంకేం ఉండదు" అన్నారు.

మేడ మీది గదికి సిగ్నల్ రాలేదు. హాల్లో ఒక గీత వచ్చి పోయేది. పొయ్యి దగ్గర మాత్రం నిండుగా ఉండేది. అత్త పీట వేసుకుని అక్కడే కూర్చోవడం మొదలుపెట్టింది. కుక్కర్ కూత పెడితే డాక్టరు మాట వినపడదు, వెనక్కి తిప్పి మళ్లీ వినాలి. పోపు చిట్లితే ఆవాలు కీబోర్డు మీద పడేవి. ఫ్రిజ్‌ది పోగా ప్లగ్గు ఒకటే ఉండడంతో మిక్సీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా పెద్దమ్మ, "సుశీలా, తీస్తున్నానే" అని పెట్టె వైరు పీకేసేది. ఇంకో ప్లగ్గు పెట్టించమని అడిగితే పెదనాన్న, "కొట్టులో సామాను అమ్ముకోటానికే, ఇంట్లో తగలేసుకోటానికి కాదు" అన్నారు.

సత్యనారాయణపురం గది సంగతి ఆయనకు ఎలాగో తెలిసింది. అరుస్తారనుకున్నాం. ఆయన అరవలేదు. అన్నం తింటూ, "గది చూసుకున్నావంటనే" అన్నారు.

అత్త కూర గిన్నె ఆయన వైపు జరిపింది.

"ఆ పెట్టె హాల్లో పెట్టిద్దామనుకున్నా మొన్న. ఇప్పుడు పెట్టించను. నువ్వు పోతే నేనెవర్ని తిట్టుకోవాలే? మీ వదిన్ని తిడితే వినదు. ఈ పిల్ల ఏడవదు. నిన్ను ఒక మాట అనుకోకపోతే నాకు అన్నం అరగదు."

పెద్దమ్మ మజ్జిగ వంచుతూ ఆగింది. ఆయన మజ్జిగ తాగి చెయ్యి కడుక్కోవడానికి లేచారు. ఆయన నోటి నుంచి నేను విన్న ఒకే ఒక్క ప్రేమమాట అది.

ఆషాఢం చివర్లో సూపర్‌వైజరు ఫోన్ చేసింది. ఇంకోసారి ఫైలు ఆలస్యమైతే ల్యాప్‌టాప్ వెనక్కి పంపేయమంది. పెదనాన్న విని, "పంపెయ్. కొంపలో కొంత బరువు తగ్గుద్ది" అన్నారు. అత్త ఆ రోజు అన్నం తినలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే గుమాస్తా ఫోన్ వచ్చింది.

ఆయన్ని ఇంటికి తెచ్చినప్పుడు అందరికన్నా గట్టిగా ఏడ్చింది అత్తే. "అన్నయ్యా, నన్ను తిట్టేవాడెవడురా ఇంక" అని గుండెలు బాదుకుంది. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అందులో నటన ఇసుమంత కూడా లేదు.

పెద్దకర్మ నాటికి ఆయన ఫోటో పెద్దది చేయించి, టేకు ఫ్రేము కట్టించారు. గుమ్మంలోకి రాగానే కనిపించేటట్టు హాలు నడిమి గోడకు, ఎత్తున, లావుపాటి మేకు దింపారు. ఫోటో ఎత్తేలోగా పెద్దమ్మ అడ్డొచ్చింది.

"అక్కడొద్దు. పోయినవాళ్ల ఫోటో నడిహాల్లో పెట్టకూడదని ఆయనే అనేవారుగా. మామగారి ఫోటో ఎక్కడ పెట్టారో అక్కడే పెట్టండి, దక్షిణం గోడకి."

మా ఇంట్లో దక్షిణం గోడ అంటే మెట్ల కింద, చెప్పుల స్టాండు పైన. బంధువులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. శాస్త్రం ఆయనదే కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. చెప్పుల స్టాండును మాత్రం అత్త తనే లాగి వరండాలో పెట్టి, అక్కడ నీళ్లతో కడిగింది.

"మరి ఈ మేకో వదినా?" అన్నాడు మా నాన్న.

పెద్దమ్మ వంటింటి వైపు చూసింది. "ఆ పెట్టె తగిలించు. ఎప్పుడు చూసినా మిక్సీకి అడ్డం."

టేకు ఫ్రేము కోసం దింపిన మేకు కాబట్టి ఇనప పెట్టె బరువు సులువుగా ఆపింది. నేను మేడ మీదకు పరుగెత్తి అత్త గదిలో ల్యాప్‌టాప్ తెరిచాను. గీతలన్నీ నిండిపోయాయి. ఒక్క విషయం పెదనాన్న పక్షాన చెప్పాలి. ఆయన ఎంచిన పెట్టె మంచిదే. చోటే మంచిది కాదు.

ఇంట్లో కార్యం ఉందని ఇన్నాళ్లూ ఆగిన సూపర్‌వైజరు మర్నాడు ఒక ఫైలు పంపింది. అదే ఆఖరి అవకాశమని చెప్పింది. అత్త తన గదిలో, కిటికీ దగ్గర, కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను మెట్ల మీద కూర్చున్నాను. చాలాసేపు కీబోర్డు చప్పుడు వినిపించలేదు. తలుపు తోసి చూస్తే హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని, మెట్లవైపు చెవి పెట్టి ఉంది.

"ఏంటత్తా?"

"ఏం లేదే. ఎవరూ ఏమీ అనటం లేదు. చేతులాడటం లేదు" అంది.

వేళ మించిపోతోంది. అత్త ల్యాప్‌టాప్ ఎత్తుకుని కిందకు దిగింది. కొత్త ఫోటో ముందు నుంచి తల వంచుకుని నడిచి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి పక్కన పీట వేసుకుంది. పెద్దమ్మ ఆశ్చర్యపోయి, "ఇంకా ఇక్కడెందుకే సుశీలా, హాయిగా పైన కూర్చోక?" అంది. "నువ్వు కుక్కర్ పెట్టు వదినా" అంది అత్త. మొదటి కూతకు ఆమె వేళ్లు కదిలాయి. ఫైలు వేళకు వెళ్లింది. ఉద్యోగం ఖాయమైంది.

పెదనాన్న లేని లోటు ఎంతటిదో నాకు అప్పుడు తెలిసింది. అలాంటి మనిషి మా వంశంలో మళ్లీ పుట్టడు, పుట్టాల్సిన అవసరం కూడా లేదు. ఆయన చేయాల్సిన పని పూర్తి చేసే వెళ్లారు. సత్యనారాయణపురంలో గది వాళ్లు కబురు చేసినా అత్త ఇంకా జవాబు చెప్పలేదు. సిగ్నల్ ఇప్పుడు ఇల్లంతా వస్తోంది, మేడ మీదకూ వరండాలోకీ కూడా. మా అత్త మాత్రం ఆగ్నేయం దాటి రాలేదు. ఆ పీట ముందు నిలబడి ఆయనకు నమస్కరిస్తున్నాను.